గుమ్మం దాకా రాని వాళ్ళు

1966 డిసెంబరు. తూర్పు నైజీరియాలోని ఒగోజా ప్రాంతంలో ఒక ఊళ్ళో మశూచి పొడసూపినట్టుందని ఒక మిషనరీ రేడియోలో కబురు పంపాడు. కబురందుకున్న వైద్యుడు విలియం ఫేగీ. లూథరన్ చర్చి తరఫున వైద్యసేవకు వెళ్ళిన అమెరికన్, మశూచి నిర్మూలన కార్యక్రమానికీ పనిచేస్తున్నాడు. వెళ్ళి చూస్తే కబురు నిజమే. చేతిలో ఉన్న టీకా మాత్రం చుట్టుపక్కల జనానికంతా చాలేటంత లేదు. మశూచిని ఎదుర్కోవాలంటే వీలైనంత ఎక్కువమందికి టీకా వేసుకుంటూ పోవడమే అప్పటికి తెలిసిన దారి. అందుకు సరుకు లేదు, వచ్చేదాకా ఆగే వ్యవధీ లేదు.

ఆ ప్రాంతపు మిషనరీలకు ఒక అలవాటుండేది. రోజూ సాయంత్రం ఒక వేళకు అందరూ రేడియో దగ్గర చేరి ఒకరి క్షేమం ఒకరు కనుక్కునేవారు. ఫేగీ ఆ వేళకు మ్యాపు ముందేసుకుని కూర్చున్నాడు. మీ చుట్టూ ఉన్న ఊళ్ళకు మనుషుల్ని పంపి, ఎక్కడెక్కడ మశూచి ఉందో కనుక్కుని చెప్పండని అందరినీ అడిగాడు. మర్నాడు జవాబులొచ్చాయి. రోగం ఉన్న ఊళ్ళకు మ్యాపు మీద గుర్తులు పెట్టారు. మొదటి టీకాలు ఆ ఊళ్ళకే. తర్వాత ఇంకో ప్రశ్న వేసుకున్నారు. ఇక్కణ్ణించి రోగం ఎటు వెళుతుంది? వీళ్ళు ఏ సంతకు పోతారు, వీళ్ళ చుట్టాలు ఏ ఊళ్ళో ఉన్నారు? మిగిలిన టీకాలు అటు పంపారు. కొన్ని నెలలకు తూర్పు నైజీరియాలో మశూచి ఆగిపోయింది. అందరికీ టీకా వేయకుండానే ఆగిపోయింది.

వైద్యచరిత్ర ఈ ఘటనను ఒక కొత్త పద్ధతికి నాందిగా చెప్పుకుంటుంది. ఇందులో మతాలూ తత్త్వశాస్త్రాలూ ఏనాటినుంచో తేల్చుకోలేకపోతున్న ప్రశ్న కూడా ఒకటుంది. అందరికీ చాలని మేలు చేతిలో ఉన్నప్పుడు అది ముందు ఎవరికి దక్కాలి? అడిగినవాడికా, దగ్గరున్నవాడికా, ముందొచ్చినవాడికా, అందరికన్నా ప్రమాదంలో ఉన్నవాడికా? చివరివాడికే అని అందరూ ఒప్పుకుంటారు. అయితే ఆ చివరివాడు కంటికి కనబడకపోతే? ఉన్నాడన్న సంగతే తెలియకపోతే?

దానం అనగానే తెలుగువాళ్ళకు గుర్తొచ్చే కథల్లో రంతిదేవుడిది ఒకటి. పోతన భాగవతం నవమ స్కంధంలో ఉంది. నలభై ఎనిమిది రోజులు అన్నపానాలు లేక కుటుంబంతో సహా అల్లాడిన రాజుకు చివరికి కాస్త ఆహారం దొరుకుతుంది. తినబోయేంతలో ఒక బ్రాహ్మణుడు వస్తాడు, ఆయనకు పెడతాడు. శూద్రుడొకడు వస్తాడు, ఉన్నదాంట్లో అతనికీ పెడతాడు. కుక్కల్ని వెంటబెట్టుకుని ఇంకొకడు వస్తే మిగిలిన అన్నమంతా వాడికీ ఆ కుక్కలకీ పెట్టేస్తాడు. ఇక మిగిలినవి గుక్కెడు నీళ్ళు. అంతలో చండాలుడొకడు దాహమంటూ వస్తాడు. ఆ నీళ్ళూ పోసేసి, తనకు మోక్షం అక్కర్లేదు, ప్రాణులందరి దుఃఖం తనకు పడితే చాలంటాడు రంతిదేవుడు. వచ్చినవాడి కులం చూడలేదు, కుక్కల్ని వేరు చేయలేదు, తన ప్రాణం కూడా లెక్కలోకి తీసుకోలేదు. ఇంతకు మించిన సమదృష్టి ఏ వాఙ్మయంలోనైనా అరుదు.

అయినా ఒకటి గమనించాలి. ఆ నలుగురూ రాజు దగ్గరికి నడిచి రాగలిగినవాళ్ళు. అదే దాహంతో అదే రోజు దారిలో పడిపోయినవాడు ఈ కథలో లేడు. తప్పు రంతిదేవుడిది కాదు. అతిథిధర్మం అలాగే పుట్టింది. ఎదుట నిలిచిన ముఖాన్ని చూసి కరిగే ధర్మం అది. ఫ్రెంచి తత్త్వవేత్త ఇమ్మాన్యుయేల్ లెవినాస్ 20వ శతాబ్దంలో ఇంచుమించు ఇదే మాటను వేరే దారిలో చెప్పాడు. ఎదుటి మనిషి ముఖమే మనమీద బాధ్యతను మోపుతుందని, నీతి అక్కడే మొదలవుతుందని ఆయన వాదం. వాదం గొప్పదే. మరి ముఖం చూపించే అవకాశమే లేనివాళ్ళ సంగతేమిటి? కొండమీది గూడెంలో ఉన్న బాలింత, ఇటుకబట్టీ పక్కన రేకుల షెడ్డులో ఉన్న పసివాడు, మంచం దిగలేని ముసలమ్మ, వీళ్ళెవరూ గుమ్మం దాకా రారు.

వెతుక్కుంటూ వెళ్ళే ధర్మం మతాలకు తెలియనిదేం కాదు. శబరి అయోధ్యకు నడిచి వెళ్ళలేదు, రాముడే ఆమె ఉన్న చోటికి వెళ్ళాడు. బైబిల్లో కాపరి తొంభైతొమ్మిది గొర్రెల్ని వదిలి తప్పిపోయిన ఒక్కదాన్ని వెతకబోతాడు. ఖురాన్ రెండో అధ్యాయంలో దానం గురించిన భాగంలో మరీ సూక్ష్మమైన మాట ఒకటుంది. పేదరికాన్ని బయటపెట్టుకోని, ఒకరిని పట్టి అడగని నిరుపేదల్ని అది ప్రత్యేకంగా గుర్తు చేస్తుంది. తెలియనివాడు వాళ్ళను ఉన్నవాళ్ళనుకుంటాడు, ఆనవాళ్ళను బట్టే వాళ్ళను గుర్తుపట్టాలి అని దాని భావం. అంటే అడగనివాణ్ణి కనిపెట్టడం ఇచ్చేవాడి పని. ఊరి స్థాయిలో ఈ పని కంటితో అయిపోతుంది. జిల్లాకో రాష్ట్రానికో వచ్చేసరికి అధికారి ఎంత దయగలవాడైనా కన్ను చాలదు. అక్కడ ఆనవాలు పట్టే సాధనంగా మ్యాపు అడుగుపెడుతుంది.

కోవిడ్ టీకా వచ్చినప్పుడు ఈ ప్రశ్న ప్రపంచమంతటా ఒక్కసారిగా ముందుకొచ్చింది. అమెరికాలో ఎవరికి ముందివ్వాలో సూచించడానికి జాతీయ విజ్ఞాన అకాడమీలు ఒక సంఘాన్ని వేశాయి. దాని ఇద్దరు సహాధ్యక్షుల్లో ఒకరు ఒగోజాలో మ్యాపు పరిచిన విలియం ఫేగీయే. 2020 అక్టోబరులో ఆ సంఘం ఇచ్చిన నివేదికలో ఒక ముఖ్యమైన సిఫార్సు ఉంది. వయసునూ వృత్తినీ బట్టి వరసలు కట్టడంతో పాటు, సామాజికంగా బలహీనమైన ప్రాంతాల కోసం కొంత టీకాను విడిగా పక్కన పెట్టాలంది. ఆ ప్రాంతాల్ని గుర్తించడానికి వాడమన్నది అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రాల దుర్బలతా సూచికను. జనగణన లెక్కల నుంచి పేదరికం, ఇంట్లో ముసలివాళ్ళూ వికలాంగులూ ఉండటం, ఇంగ్లీషు రాకపోవడం, ఇరుకిళ్ళు, సొంత వాహనం లేకపోవడం వంటివన్నీ కలిపి ప్రతి ప్రాంతానికీ ఒక అంకె కడతారు. అంకె పెరిగేకొద్దీ మ్యాపు మీద రంగు ముదురుతుంది.

కాలిఫోర్నియాలో జరిగింది దగ్గరగా చూడదగ్గది. 2021 ఫిబ్రవరిలో ఆ రాష్ట్రం నల్లజాతి, లాటినో పేటల వాళ్ళు సులువుగా అపాయింట్‌మెంటు తీసుకోవడానికి ప్రత్యేక కోడ్‌లు ఇచ్చింది. ఆ కోడ్‌లు చేతులు మారాయి. ఇంట్లో కూర్చుని పనిచేసుకునే సంపన్నులు వాటిని ఒకరికొకరు పంపుకుని పేదవాడల కేంద్రాలకు వెళ్ళి టీకాలు వేయించుకొచ్చారు. ఆ తర్వాత నెలలో రాష్ట్రం పద్ధతి మార్చింది. ఆరోగ్య పరిస్థితుల సూచికలో అట్టడుగు పావు వంతులో ఉన్న పిన్‌కోడ్‌లకు మొత్తం టీకాల్లో 40 శాతం కేటాయించింది. రాష్ట్రంలోని కోవిడ్ కేసుల్లో, మరణాల్లో దాదాపు 40 శాతం ఆ పేటలవే కాబట్టి ఆ అంకె. అప్పటిదాకా అన్నిటికంటే మెరుగైన పావు వంతుకు అందిన టీకాల్లో దాదాపు సగమే వీటికి అందాయి. ఎవరూ వివక్ష చూపమని ఉత్తర్వు ఇవ్వలేదు. అందరికీ ఒకే నియమం, ఒకే క్యూ. అంతే, ఆ తేడా దానంతటదే వచ్చింది.

మన దగ్గరా అదే కథ. 2021 మే 1 నుంచి 18 నుంచి 44 ఏళ్ళ వాళ్ళకు టీకా తెరిచినప్పుడు ప్రభుత్వ పోర్టల్ కోవిన్‌లో స్లాటు పట్టుకోవాల్సి వచ్చింది. వేగమైన ఇంటర్నెట్టూ వేగమైన వేళ్ళూ ఉన్నవాళ్ళకు స్లాట్లు దొరికాయి. నగరాల నుంచి కార్లేసుకుని పల్లె కేంద్రాలకు వెళ్ళి టీకా వేయించుకొచ్చినవాళ్ళు ఉన్నారు. ఆ పల్లె వాళ్ళు తమ ఊరి ఆస్పత్రి ముందు నిలబడి చూశారు. డిజిటల్ అంతరం గురించి ఆ నెలాఖరున సుప్రీంకోర్టు కేంద్రాన్ని గట్టిగానే నిలదీసింది. ముందొచ్చినవాడికి ముందు అనే నియమం సినిమా టిక్కెట్టుకు సరిపోతుందేమో గానీ ప్రాణానికి సరిపోదు. రాగలగడమే ఒక ఆస్తి అయినప్పుడు క్యూ ఆ ఆస్తి ఉన్నవాళ్ళ పక్షాన నిలుస్తుంది.

దీనికి గట్టి ఎదురువాదమే ఉంది. దాన్ని తేలిగ్గా తోసేయడం న్యాయం కాదు. ఒక నర్సు పట్నం కేంద్రంలో కూర్చుంటే పూటకు వందమందికి టీకా వేయగలదు. అదే నర్సు కొండెక్కితే రోజంతా నడిచి పదిమందికి వేస్తుంది. ఎక్కువమందికి ఎక్కువ మేలు జరగడమే నీతి అన్న జెరెమీ బెంథామ్ లెక్క ప్రకారం ఆమెను పట్నంలోనే ఉంచాలి. ఈ లెక్కను 1971లో జాన్ రాల్స్ తన న్యాయ సిద్ధాంత గ్రంథంతో ఎదుర్కొన్నాడు. నువ్వు ఏ ఇంట పుడతావో, ఏ ఊళ్ళో పుడతావో తెలియని స్థితిలో ఉండి నియమాలు రాయమంటే, అట్టడుగున పడే అవకాశం నీకూ ఉంది గనక అట్టడుగువాడికి ఎక్కువ మేలు చేసే ఏర్పాటునే ఒప్పుకుంటావు అన్నాడు. ఈ వాదన అట్టడుగువాణ్ణి ముందు తలచుకోమన్న గాంధీజీ మాటకు చాలా దగ్గర. 1904లో దక్షిణాఫ్రికాలో రైల్లో ఇంగ్లీషు రచయిత రస్కిన్ పుస్తకం చదివి, దానికి గుజరాతీలో సర్వోదయం అని పేరు పెట్టి రాసుకున్న మనిషి ఆయన. రస్కిన్ పుస్తకం పేరు వచ్చింది బైబిల్లోని ద్రాక్షతోట కూలీల కథ నుంచి. పొద్దుపోయాక పనిలోకి వచ్చినవాడికీ తెల్లవారి వచ్చినవాడితో సమానంగా కూలి ఇచ్చిన యజమాని కథ అది. ముందొచ్చినవాళ్ళు సణుగుతారు. ఆ సణుగుడు కాలిఫోర్నియాలోనూ వినిపించింది.

అంటురోగాల విషయంలో మాత్రం బెంథామ్, రాల్స్ ఒక్కోసారి ఒకే వైపు నిలబడతారు. 1974లో బీహార్‌లో మశూచి విజృంభించినప్పుడు ఫేగీ అక్కడే పనిచేస్తున్నాడు. రోగం ఉన్న చోటు వెతికి కట్టడి చేసే పద్ధతి వదిలేసి అందరికీ టీకా వేసే పాత పద్ధతికి మళ్ళాలని రాష్ట్ర మంత్రి ఒక సమావేశంలో నిర్ణయం చెప్పబోయాడు. అప్పుడొక భారతీయ యువ వైద్యుడు లేచి, తమ ఊళ్ళో ఇల్లు తగలబడితే నీళ్ళు ఆ ఇంటిమీద పోస్తారు గానీ ఊళ్ళోని ఇళ్ళన్నిటి మీదా పోయరు కదా అన్నాడట. మంత్రి ఇంకొంత గడువిచ్చాడు. మరుసటి ఏడాది మే నెలతో మన దేశంలో మశూచి ముగిసింది. ఈ సంగతి ఫేగీ 2011లో వెలువరించిన తన పుస్తకంలో రాసుకున్నాడు.

పోలియో ఇంకా మొండిది. 2009లో దేశంలో 741 కేసులొచ్చాయి. అవి ఎక్కడెక్కడ తిరిగి తిరిగి వస్తున్నాయో మ్యాపు మీద పరిస్తే పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో 66, బీహార్‌లో 41 బ్లాకులు తేలాయి. దేశంలో వేల బ్లాకులుంటే పనంతా ఆ 107 మీద పెట్టారు. బీహార్‌లో కష్టమైనవి కోసీ నది కరకట్టల మధ్య ఊళ్ళు. నది ఏటా దారి మార్చుకుంటుంది, ఊళ్ళూ ఇసుక మీద చోటు మారుస్తాయి. పడవ, నడక, మళ్ళీ పడవ. పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చే పని కాదు గనక రాత్రిళ్ళు అక్కడే ఉండేటట్టు మకాములు ఏర్పాటు చేశారు. ఇటుకబట్టీలు, సంచార జాతుల గుడారాలు, కట్టడాల దగ్గర కూలీల పాకలు విడిగా జాబితా కట్టారు. 2010లో కేసులు 42కు పడిపోయాయి. 2011లో ఒకే ఒక్కటి, జనవరి 13న హావ్‌డాలో. సహజ పోలియో వైరస్ కేసు తర్వాత లేదు.

ఆ పనిలో అన్నిటికంటే చిన్న మ్యాపు తలుపు మీద ఉండేది. టీకా బృందం ఇంటికి వెళ్ళి, ఐదేళ్ళలోపు పిల్లలందరికీ చుక్కలు పడితే గోడమీద సుద్దతో పి అని రాసేది. ఒక్క పిల్లవాడు తప్పినా ఎక్స్. ఎందుకు తప్పాడో కాగితంలో రాసుకోవాలి. ఇంటికి తాళమా, పిల్లవాడు ఊరెళ్ళాడా, ఒంట్లో బాగాలేదా, తల్లిదండ్రులు వద్దన్నారా? ఎక్స్ పడిన ఇంటికి బృందం మళ్ళీ వెళుతుంది. వద్దన్న ఇంటికి ఈసారి వెంట మసీదు ఇమామో, ఊరి పెద్దో, ఆ వాడలోనే ఉండే ఆడమనిషో వస్తారు. ఎక్స్ చెరిపి పి రాసేదాకా ఆ ఇల్లు లెక్కలోంచి పోదు. చుక్కలు పడిన పిల్లల ఎడమచేతి చిటికెన వేలి గోటికి సిరా గుర్తు. లెవినాస్ అడిగిన ముఖం మ్యాపులోకి తిరిగి వచ్చేది ఇదిగో ఇక్కడ. మ్యాపు మీది ముదురు రంగు చుక్క ఏదో ఒక గడప దగ్గర ఒక తల్లితో మాటగా మారాలి. అంతదాకా రాని మ్యాపు గోడకు వేలాడే బొమ్మగానే ఉండిపోతుంది.

ఉత్తర నైజీరియాలో ఈ పాఠం తిరగబడి ఎదురైంది. అక్కడ పోలియో బృందాల చేతిలో చేత్తో గీసిన పటాలుండేవి. 2012 నుంచి ఉపగ్రహ చిత్రాలతో వాటిని సరిపోల్చి చూస్తే, ఏ పటంలోనూ లేని పల్లెలు బయటపడ్డాయి. అంటే ఏళ్ళ తరబడి ఆ పిల్లల్ని ఎవరూ వద్దనుకోలేదు. ఉన్నారనే తెలియలేదు. బృందాలకు జీపీఎస్ ఉన్న ఫోన్లిచ్చి ఎక్కడిదాకా నడిచారో చూశారు. నడవని వీధులు తెర మీద ఖాళీగా కనిపించేవి. 2012లో 122 ఉన్న సహజ వైరస్ కేసులు 2014కు 6 అయ్యాయి. 2020 ఆగస్టు 25న ఆఫ్రికా ఖండం సహజ పోలియో వైరస్ నుంచి విముక్తమైనట్టు ప్రకటించారు.

ఇక్కడ ఒక ఇబ్బందికరమైన ప్రశ్న అడగక తప్పదు. కోసీ ఇసుకలోని చివరి పిల్లవాడి కోసం దేశం అంత కష్టపడింది వాడి కోసమేనా, వాడి దగ్గర దాక్కున్న వైరస్ పట్నాలకు రాకూడదనా? రెండూ కలిసే ఉన్నాయి. కానీ రెంటిలో ఏది అసలు కారణమో తేలాలి. భయమే కారణమైతే, అంటని జబ్బుతో ఆ పిల్లవాడు చనిపోతున్నప్పుడు పడవ వేసుకుని ఎవరూ వెళ్ళరు. రంతిదేవుడు నీళ్ళు పోసింది ఆ దాహం తనకు అంటుకుంటుందని కాదు. మన్యంలో గర్భిణిని ఇప్పటికీ డోలీ కట్టి కిలోమీటర్ల కొద్దీ మోసుకొస్తున్న గూడేలున్నాయి. అవి ఎక్కడున్నాయో మ్యాపు ఇప్పుడే చెప్పగలదు. ఆ నొప్పి మైదానానికి వ్యాపించదు గనక దానికి అంత తొందర కనబడదు. దుర్బలతా పటాలు గీసిన చేతుల్ని నిజంగా పరీక్షించేది ఇదే.

వెతకబడటానికి భయపడే జనం కూడా ఉన్నారు. ఆ భయం ఊరికే పుట్టలేదు. 1930లలో అమెరికా ప్రభుత్వ గృహరుణ సంస్థ నగరాల మ్యాపుల మీద పేటలకు రంగులు వేసింది. నల్లవాళ్ళ పేటలకు ఎరుపు పడింది, ఎరుపు పడినచోట ఇంటి అప్పు పుట్టడం గగనమైంది. తొంభై ఏళ్ళ తర్వాత దుర్బలతా పటాల్లో ముదురు రంగులు తేలింది చాలాచోట్ల ఆ పేటల్లోనే. మన దేశంలో 1871 నాటి నేరస్థ జాతుల చట్టం సంచార జాతుల్ని జాబితా కట్టి, హాజరు వేసి, కదలికలకు కాపలా పెట్టింది. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం ఎరుకల కోసం ఏర్పాటైన సెటిల్‌మెంటు. ఆ వాడల్లో పెద్దల పేర్లు ఒకప్పుడు ఏ రిజిస్టరులో ఉండేవో పిల్లలకు తెలుసు. ఇంకా దగ్గరి కాలానికి వస్తే, 2011లో అబోటాబాద్‌లో ఒసామా బిన్ లాడెన్ జాడ కోసం అమెరికా గూఢచారి సంస్థ హెపటైటిస్ టీకా కార్యక్రమాన్ని ముసుగుగా వాడుకుంది. మరుసటి ఏడాది నుంచి పాకిస్తాన్‌లో పోలియో కార్యకర్తలు, అందులో ఎక్కువమంది ఆడవాళ్ళు, కాల్పులకు బలయ్యారు. పోలియో చుక్కల మీద అనుమానాలు అంతకుముందే ఉన్నాయి, ఆ నాటకం వాటికి సాక్ష్యం అందించింది. గడప దగ్గర కట్టుకున్న నమ్మకాన్ని వేరే పనికి వాడుకోవడం కంటే పెద్ద పాపం ఈ రంగంలో లేదు.

తెలంగాణలో గోదావరి ఒడ్డు అడవుల్లో ఇదే చిక్కు ఉంది. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం, మావోయిస్టుల మధ్య నలిగి ఊళ్ళు వదిలి వచ్చిన గొత్తికోయలు భద్రాద్రి కొత్తగూడెం, ములుగు జిల్లాల అడవుల్లో గూడేలు కట్టుకున్నారు. వాటిలో చాలావాటికి రెవెన్యూ రికార్డుల్లో ఊరి హోదా లేదు. అటవీ శాఖ దృష్టిలో అవి ఆక్రమణలు. ఆ శాఖతో గొడవలు, గుడిసెల తొలగింపులు వాళ్ళకు కొత్త కాదు. మిరప కోతల కాలంలో సరిహద్దు అవతలి నుంచి కూలీ కుటుంబాలు పిల్లాపాపలతో వచ్చి చేల పక్కన గుడారాలేసుకుంటాయి, కోతలయ్యాక పోతాయి. టీకా వెయ్యాల్సిన పిల్లలు వీళ్ళందరిలోనూ ఉన్నారు. ఆశా కార్యకర్త మ్యాపులో ఆ గూడెం ఉంటే పిల్లలకు తట్టు టీకా అందుతుంది. అదే మ్యాపు ఇంకో శాఖ బల్ల మీదికి వెళితే గూడెం లేచిపోవచ్చు.

కాబట్టి ధర్మం ఇక్కడ రెండు పనులు ఒకేసారి అడుగుతోంది. వాళ్ళను కనిపెట్టాలి, కనిపెట్టినందువల్ల వాళ్ళకు కీడు జరగకూడదు. మొదటిదానికి ఉపగ్రహాలూ సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. రెండోదానికి కావలసినవి ఆరోగ్య శాఖ లెక్కలు పోలీసులకూ అటవీ అధికారులకూ చేరవన్న హామీ, ఆ హామీని గూడెం పెద్దల ముందు వాళ్ళ భాషలో చెప్పగల మనిషి. మ్యాపును వాళ్ళకే చూపించి, మీ గూడెం ఇక్కడుందా, ఏ నెలలో ఎక్కడుంటారు, వాగు ఎప్పుడు పొంగుతుంది అని అడిగితే మ్యాపు సరిగ్గా రావడమే కాదు, కొంత వాళ్ళది కూడా అవుతుంది.

ఇది అసాధ్యమేమీ కాదని చెప్పే దాఖలా కోవిడ్ కాలంలోనే ఉంది. 2021 మే 6న కేంద్ర ఆరోగ్య శాఖ ఒక మార్గదర్శకం జారీ చేసింది. గుర్తింపు కార్డు ఏదీ లేనివాళ్ళకు ఎలా టీకా వేయాలో అందులో ఉంది. సంచార జాతులు, అన్ని మతాల సాధుసంతులు, జైళ్ళలో ఉన్నవాళ్ళు, మానసిక చికిత్సాలయాల్లో ఉన్నవాళ్ళు, వృద్ధాశ్రమాల వాళ్ళు, దారిపక్క బిచ్చగాళ్ళు ఒకే జాబితాలో ఉన్నారు. కార్డు తెమ్మని వాళ్ళను అడగరు. జిల్లా యంత్రాంగమే ఇలాంటి గుంపులు ఎక్కడున్నాయో గుర్తించి, వాళ్ళ తరఫున బాధ్యత తీసుకునే ఒక మనిషిని పెట్టుకుని, ప్రత్యేక శిబిరం నడపాలి. ఆ మనిషి హామీ మీద టీకా వేస్తారు. ఆ ఉత్తర్వు మహమ్మారి కోసం రాసింది. పసిపిల్లల మామూలు టీకాలకూ, మన్యంలో గర్భిణుల పరీక్షలకూ అదే పద్ధతిని వర్తింపజేస్తూ ఇంకో ఉత్తర్వు రాయడానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు.